మా అబ్బాయికి వచ్చిన ఫోను

మన పత్రికకు పిండివంటల గురించి రాసి పంపే నేను, ఈసారి నా తప్పు ఒకటి చెప్పుకోవడానికి కలం పట్టాను.

మేము నాలుగు తరాలుగా కోయంబత్తూరులో ఉంటున్నాం. మా అబ్బాయి కాలేజీలో ఉండగా ఒక శిబిరంలో మూలకణ దాతగా పేరు నమోదు చేయించుకున్నాడు. చెంప లోపల దూదిపుల్లతో తుడిచి నమూనా తీసుకున్నారట. ఇంట్లో మాకెవరికీ చెప్పలేదు. మూడేళ్ల తర్వాత ఫోను వచ్చింది. రక్త క్యాన్సరుతో ఉన్న ఒక చిన్నారికి వాడి కణాలు సరిపోయేలా ఉన్నాయనీ, ఇస్తారా అనీ అడిగారు.

వాడు సరేనన్నాడు. నేను వద్దన్నాను. "పెళ్లి కావలసిన పిల్లాడివి, వెన్నులో సూది గుచ్చితే ఏమవుతుందో!" అని ఏడ్చాను. మా అత్తగారూ నాకే వంతపాడారు. వాడు కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడు నన్ను డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లి, "అమ్మా, నీ సందేహాలన్నీ ఈయన్నే అడుగు" అన్నాడు. అడిగాను.

రక్త క్యాన్సరు వచ్చిన పిల్లల్లో చాలామందికి మందులతోనే నయమవుతుంది. మందులకు లొంగకపోయినా, జబ్బు తిరగబెట్టినా కొందరికి మూలకణ మార్పిడి అవసరమవుతుంది. అందుకు బ్లడ్ గ్రూపు కలవనక్కర్లేదు, హెచ్.ఎల్.ఏ. అనే కణాల గుర్తులు కలవాలి. వాటిలో సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. ఇంట్లో కలవకపోతే బయటివారిలో వెతకాలి. ఒకే మూలాల నుంచి వచ్చినవారిలో దొరికే అవకాశం ఎక్కువ.

ఈ మాట వినగానే మనవాళ్లే గుర్తొచ్చారు. మధురై, బళ్లారి, బరంపురం, షోలాపూరు, యానాం అంటూ ఎక్కడెక్కడో స్థిరపడ్డా, తరతరాలుగా మనలో మనమే సంబంధాలు కలుపుకున్నాం. మన బిడ్డ ఒకరికి అవసరమైతే, సరిపోయే దాత మన పెళ్లిపందిట్లోనే కూర్చుని ఉండవచ్చు. పేరు నమోదు కాకపోతే ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది? ప్రపంచమంతా కలిపి దాతలు 4 కోట్ల మందికి పైగా ఉన్నారు. అందులో మన దేశం వారు బహు తక్కువ.

వెన్నెముక జోలికి ఎవరూ పోరని కూడా అప్పుడే తెలిసింది. ఎక్కువమందికి రక్తం నుంచే కణాలు తీస్తారు. మూలుగ కావలసి వచ్చినా మత్తు ఇచ్చి తుంటి ఎముక వెనక నుంచి తీస్తారు.

చివరగా డాక్టరుగారు, "కాదనేదైతే ఇప్పుడే చెప్పండమ్మా. మార్పిడికి ముందు బలమైన మందులిచ్చి ఆ బిడ్డ మూలుగను నాశనం చేస్తారు. ఆ తర్వాత దాత వెనక్కి తగ్గితే ప్రాణానికే ముప్పు" అన్నారు. అక్కడెక్కడో ఫోను కోసం ఎదురుచూస్తున్న ఆ తల్లి నా కళ్ల ముందు మెదిలింది. ఇంటికొచ్చి వాడికి అన్నం వడ్డిస్తూ, "వెళ్లిరా నాన్నా" అన్నాను.

పరీక్షలయ్యాక ఐదు రోజులు సూదిమందు ఇచ్చారు. ఒళ్లునొప్పులు, తలనొప్పి వచ్చి తగ్గాయి. తర్వాత ఒక చేతి నుంచి రక్తం తీసి, యంత్రంలో మూలకణాలు వేరుచేసి, మిగతాది రెండో చేతికి ఎక్కించారు. నాలుగైదు గంటల పని. మాకు పైసా ఖర్చు కాలేదు. వాడు వారంలోపే ఉద్యోగానికి వెళ్లాడు.

ఆ బిడ్డ ఎవరో మాకు తెలియదు. పేర్లు చెప్పరు. రోజూ దీపం పెట్టేటప్పుడు మాత్రం తలుచుకుంటాను.

చెన్నైలో 2009లో మొదలైన దాత్రి వంటి రిజిస్ట్రీలు పేర్లు నమోదు చేసుకుంటాయి. 18 ఏళ్లు నిండిన ఆరోగ్యవంతులు చేరవచ్చు. పై వయసు ఎంతవరకో వారినే అడగాలి. వయసులో ఉన్నవారి కణాలైతే మరీ మంచిదంటారు.

పిల్లలకు ఒక మాట: పేరు ఇచ్చే ముందే ఇంట్లో చెప్పండి. పెద్దలకు ఒక మాట: మీ భయాలన్నీ ఆనాడే అడిగి తీర్చుకోండి, ఫోను వచ్చేదాకా ఆగకండి. సంఘం పెద్దలకు నా విన్నపం: వచ్చే ఉగాది వేడుకల్లో పచ్చడి పంచే బల్ల పక్కనే నమోదుకు కూడా ఒక బల్ల వేయించండి. సందేహాలున్న తల్లులతో మాట్లాడటానికి అక్కడ నేను కూర్చుంటాను.