జబ్బు ఒక్కటే, చికిత్స ఎందుకు ఒక్కటి కాలేదు?

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే రకం తొలిదశలో బయటపడితే, కణితి ఉన్న భాగాన్ని ఆపరేషన్‌తో తీసేయవచ్చు. రోగి పూర్తిగా కోలుకునే అవకాశం ఎక్కువగా ఉండేది అప్పుడే. ఆపరేషన్ చేయకుండా వదిలేస్తే చాలామంది కొద్ది సంవత్సరాలకు మించి బతకరు. ఇంత స్పష్టమైన విషయంలో కూడా అమెరికాలో చికిత్స అందరికీ సమానంగా అందలేదు.

1999లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' ఒక పరిశోధన ప్రచురించింది. 65 ఏళ్లు, ఆ పైబడిన దాదాపు 11 వేల మంది తొలిదశ రోగుల రికార్డులను అందులో పరిశీలించారు. తెల్లజాతి రోగుల్లో 77 శాతం మందికి ఆపరేషన్ జరిగింది. నల్లజాతి రోగుల్లో జరిగింది 64 శాతం మందికే. ఐదేళ్ల తర్వాత జీవించి ఉన్నవారు తెల్లవారిలో 34 శాతం, నల్లవారిలో 26 శాతం. అయితే ఆపరేషన్ జరిగినవారిని మాత్రమే విడిగా పోల్చి చూస్తే, రెండు జాతులవారూ దాదాపు ఒకే స్థాయిలో బతికారు. అంటే తేడాలో అధికభాగం శరీరంలో లేదు. రోగ నిర్ధారణకూ ఆపరేషన్ బల్లకూ మధ్య ఉన్న దారిలో ఉంది.

ఆ దారిలో ఏం జరుగుతోంది? నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయ వైద్యుడు శామ్యూల్ సైకర్ట్, ఆయన సహచరులు 2010లో దీనికి కొంత జవాబు చెప్పారు. డాక్టరు తమతో సరిగా మాట్లాడలేదని భావించినవారు, ఆపరేషన్ చేయించుకున్నా ఏడాది తర్వాత తమ పరిస్థితి బాగుండదని నమ్మినవారు చికిత్సకు దూరంగా ఉండిపోయారు. నల్లజాతి రోగుల విషయంలో మరో రెండు అడ్డంకులు తోడయ్యాయి. క్యాన్సర్‌తోపాటు రెండు లేదా అంతకన్నా ఎక్కువ ఇతర జబ్బులున్నా, ఎప్పుడూ చూపించుకునే డాక్టరంటూ ఒకరు లేకపోయినా, వారికి ఆపరేషన్ జరిగే అవకాశం బాగా తగ్గిపోయింది.

నల్లజాతివారిలో ఆసుపత్రుల మీద ఉన్న అపనమ్మకం కూడా ఊరికే పుట్టలేదు. అలబామాలోని టస్కీగీలో ప్రభుత్వ ఆరోగ్య శాఖ 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ సోకిన వందల మంది నల్లజాతి పురుషులకు చికిత్స ఇవ్వకుండా జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చుంది. నార్త్ కరొలైనాలోని గ్రీన్స్‌బరోకు తనదైన చేదు చరిత్ర ఉంది. అక్కడి మోజెస్ కోన్ ఆసుపత్రి తన రోగిని చేర్చుకోనందుకు జార్జ్ సింకిన్స్ అనే నల్లజాతి దంతవైద్యుడు సహచరులతో కలిసి 1962లో కోర్టుకెక్కాడు. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు జాతి వివక్ష చూపరాదని 1963లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. ఆ వివక్షకు ఆసుపత్రి 2016లో క్షమాపణ చెప్పింది.

ఈ ఊరిలోనే 2003లో ఒక కొత్త ప్రయత్నం మొదలైంది. స్థానిక ప్రజలు, వైద్యులు, విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి 'గ్రీన్స్‌బరో హెల్త్ డిస్పారిటీస్ కొలాబరేటివ్' అనే బృందంగా ఏర్పడ్డారు. సాధారణంగా పరిశోధకులు ప్రశ్నను తామే నిర్ణయించుకుని, వివరాల కోసం మాత్రం ప్రజల దగ్గరకు వెళతారు. ఇక్కడ ఏ ప్రశ్న అడగాలి, ఎలా పరీక్షించాలి, ఫలితాలకు అర్థమేమిటి అన్నవి కూడా కలిసి నిర్ణయించారు. రోగి ఎందుకు రాలేదని అడగడంతో సరిపెట్టకుండా, రోగి రాలేదన్న సంగతి ఆసుపత్రికి ఎందుకు తెలియలేదని అడగగలిగారు. పరిశోధన దిశనే మార్చిన ప్రశ్న ఇది.

ఆ కృషిలోంచి 'అక్యూర్' అనే అధ్యయనం వచ్చింది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ నిధులిచ్చింది. గ్రీన్స్‌బరోలోని కోన్ హెల్త్, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం ఇందులో పాల్గొన్నాయి. ఆ కోన్ హెల్త్ ఒకప్పుడు కోర్టు బోనెక్కిన ఆసుపత్రి సంస్థే.

అధ్యయనంలో నాలుగు ఏర్పాట్లు చేశారు. మొదటిది, కంప్యూటరు హెచ్చరిక: రోగి అపాయింట్‌మెంటుకు రాకపోయినా, ఆపరేషనో రేడియేషనో అనుకున్న గడువులో జరగకపోయినా వెంటనే తెలిసిపోతుంది. రెండవది, ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు. ఆమెను నావిగేటర్ అంటారు. హెచ్చరిక రాగానే ఆమె రోగికి ఫోను చేసి, భయమా, బండి దొరకలేదా, డాక్టరు చెప్పింది అర్థం కాలేదా అని కనుక్కుని పరిష్కారం చూస్తుంది. ఇలాంటి తోడును 1990లోనే న్యూయార్క్ హార్లెం ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు హెరాల్డ్ ఫ్రీమన్ ప్రవేశపెట్టాడు. మూడవది, ఏ జాతి రోగుల్లో ఎంతమంది చికిత్స పూర్తి చేసుకుంటున్నారో లెక్కలు వేసి, వైద్యుల ముందు పెట్టడం. ప్రతి కేంద్రంలో ఒక డాక్టరు ఈ బాధ్యత తీసుకున్నాడు. నాలుగవది, వివక్ష వ్యవస్థలో ఎలా పేరుకుపోతుందో సిబ్బందికి క్రమం తప్పకుండా వివరించడం.

ఫలితాలు 2019లో వెలువడ్డాయి. తొలిదశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో అంతకుముందు తెల్లజాతి రోగుల్లో 78 శాతం, నల్లజాతి రోగుల్లో 69 శాతం మందికే చికిత్స అందేది. అక్యూర్‌లో చేరినవారిలో అది తెల్లవారికి 95, నల్లవారికి 96.5 శాతానికి చేరింది. రొమ్ము క్యాన్సర్ రోగులనూ ఈ అధ్యయనంలో చేర్చారు. ఆ రెండు క్యాన్సర్లను కలిపి చూసినా, చికిత్స పూర్తి చేసుకున్నవారిలో ఏడు శాతానికి పైగా ఉన్న అంతరం ఒక శాతం దగ్గరకు తగ్గింది.

ఈ ఫలితాలకు పరిమితి ఉంది. పోలిక పాత రికార్డులతో జరిగింది. పైగా నాలుగు ఏర్పాట్లనూ కలిపే అమలు చేశారు కాబట్టి, వాటిలో ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేం. కానీ కొత్త మందు గాని, కొత్త యంత్రం గాని ఇందులో లేదన్నది గుర్తుంచుకోవాలి. అప్పటికే ఉన్న చికిత్స అందరికీ చేరడం వల్లే ఈ మార్పు వచ్చింది.

తెల్లవారి 78 శాతం 95కు పెరగడం నన్ను మరీ ఆలోచింపజేసింది. నల్లజాతి రోగుల కోసం అల్లిన వల, తెల్లవారిలోనూ దారి తప్పిన ఎందరినో పట్టుకుంది. వెనకబడినవారికి న్యాయం చేస్తే మిగతావారికి తగ్గిపోతుందన్న భయానికి ఇంతకన్నా గట్టి జవాబు దొరకదు.

ఏ ఆసుపత్రైనా ఈ పని మొదలుపెట్టాలంటే ముందుగా లెక్క చూసుకోవాలి: చికిత్స మొదలుపెట్టినవారిలో ఎవరు మధ్యలో మానేశారు? ఏ వర్గంవారు, ఏ ప్రాంతంవారు? ఆ అంకెలను దాచకుండా, ఎవరి గురించైతే అవి చెబుతున్నాయో వారినే పక్కన కూర్చోబెట్టుకుని చదవాలి. మానేసిన రోగిని తప్పుపట్టే ముందు, ఆ సంగతి మనకు ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఎవరు ఫోను చేశారు అని ఆసుపత్రి తనను తాను అడగాలి.