తిథి గల అతిథి

అతిథి అను మాటకు మన పెద్దలు చెప్పు అర్థము ముచ్చటైనది. రాకకు తిథి నియమము లేనివాడు అతిథి. ముందు కబురు లేక ఏ వేళనో వాకిట నిలిచినవానికి కాళ్ళకు నీళ్ళిచ్చి, ఉన్నదానిలో ఇంత పెట్టి, వెళ్ళెదనన్నప్పుడు ఇంకొక పూట ఉండుమనుట మన గృహధర్మము. అతడెప్పుడు వచ్చునో మనకు తెలియదు. ఎప్పుడు వెళ్ళునో అడుగుట మర్యాద కాదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో అతిథి లక్షణము వేరు. అచట విమానాశ్రయమున అడుగిడిన క్షణముననే అతనికొక తిథి నిర్ణయమగును. అది వెడలవలసిన తిథి. కన్నతల్లియైనను, తోడబుట్టినవాడైనను దానికి లోబడవలసినదే. ఆ తిథి దాటిన పిమ్మటను బిడ్డల చెంతనే ఉండిపోవు దారి కలదా అను ప్రశ్న నేడు తెలుగునాట పట్టణములలోనే కాక పల్లెలలోను వినబడుచున్నది. మన ఉపాధ్యాయులలోను బిడ్డలను అచటికి పంపి, పదవీ విరమణానంతరము తాము ప్రయాణము కట్టువారు అనేకులు. కావున ఆ దేశపు చట్టము బంధుత్వమును ఎట్లు లెక్కించునో తెలిసికొనుట నిష్ప్రయోజనము కాదు.

ఒక ఇంటిని ఊహింతము. అది న్యూజెర్సీ రాష్ట్రమున, భారతీయులు పెక్కుమంది నివసించు ఎడిసన్ పట్టణమున ఉన్నదనుకొందము. ఆ ఇంటి ఇల్లాలు అమెరికా పౌరసత్వము పొందినది. భర్త భారత పౌరుడే. శాశ్వత నివాసమునకు అనుమతియగు గ్రీన్‌కార్డు అతనికి రెండేండ్ల క్రిందటనే లభించినది. వారికొక మగబిడ్డ కలిగెను. బిడ్డను చూచుటకు ముగ్గురు బంధువులు ఒకే విమానమున దిగిరి. ఒకరు తెనాలి నుండి వచ్చిన ఇల్లాలి తల్లి; మరియొకరు కరీంనగరు నుండి వచ్చిన భర్త తల్లి; మూడవవాడు ఇల్లాలి తమ్ముడు, ముప్పది రెండేండ్లవాడు. ముగ్గురును వైధవ్యమో, ఒంటరితనమో, ఉద్యోగపు చింతయో మోసికొని వచ్చినవారే. ముగ్గురి చేతను ఉన్నది బి-2 అను పర్యాటక వీసాయే. ముగ్గురికిని లభించిన గడువు ఆరు నెలలే.

ఈ గడువును గూర్చి పలువురు పొరబడుచుందురు. పాస్‌పోర్టునందలి వీసా పదేండ్లు చెల్లునని వ్రాసియుండుట చూచి పదేండ్లు ఉండవచ్చునని తలచువారును కలరు. వీసా తలుపు తట్టుటకు మాత్రమే అనుమతి. లోపల ఎన్నాళ్ళుండవచ్చునో తెలుపునది ప్రవేశ సమయమున నమోదగు ఐ-94 అను పత్రము. బి-2 అతిథులకు సాధారణముగా అది ఆరు నెలలు. తగిన కారణమున్నచో గడువు తీరకమునుపే ఐ-539 అను అర్జీ పెట్టి మరి ఆరు నెలల వరకు పొడిగింపు కోరవచ్చును. అంతవరకు ఈ ముగ్గురును సమానులే. శాశ్వతముగా నిలువగోరిన నాడు మాత్రము చట్టము ముగ్గురిని మూడు త్రోవలకు మరలించును.

మొదట తెనాలి తల్లి. ఇరువది యొక్క సంవత్సరములు నిండిన పౌరుని తల్లిదండ్రులను అమెరికా చట్టము అత్యంత సమీప బంధువులలో చేర్చినది. పౌరుని భార్యాభర్తలు, ఇరువది యొక్క ఏండ్ల లోపు అవివాహిత సంతానము కూడ ఈ పంక్తియందే కూర్చుందురు. వీరికి ఏటేటి సంఖ్యా పరిమితి లేదు. కూతురు తల్లి కొరకు ఐ-130 అను బంధుత్వపు అర్జీ పెట్టును. విధివిధానముగా తనిఖీయై దేశమున ప్రవేశించిన తల్లి ఆ దేశముననే ఉండి, ఐ-485 అను అర్జీ ద్వారా పర్యాటకురాలి హోదాను శాశ్వత నివాసిగా మార్పించుకొనవచ్చును. రెండు అర్జీలను ఒక్కసారియే సమర్పింపవచ్చును.

ఇక కరీంనగరు తల్లి. ఆమెకు ఈ దారి లేదు. గ్రీన్‌కార్డు గలవాడు భార్యకును, అవివాహితులైన బిడ్డలకును అర్జీ పెట్టగలడు గాని తల్లిదండ్రులకు పెట్టజాలడు. కోడలు పౌరురాలే కదా అందురేమో! అత్తకు కోడలు అర్జీ పెట్టుట ఆ చట్టమెరుగదు. మనుమడు పుట్టుకతోనే పౌరుడు. కాని ఎంత పెద్దవాడైనను అతడు తన తల్లిదండ్రులకు, తోబుట్టువులకు అర్జీ పెట్టగలడే గాని నాయనమ్మకు పెట్టలేడు. ఒకే ఇంట, ఒకే పొయ్యి మీది అన్నము తినుచు, ఒకే మనుమని ఒకరి తరువాత ఒకరు ఒడిలోనికి తీసికొను ఇద్దరు వియ్యపురాండ్రలో ఒకరు నిలువవచ్చును, ఒకరు వెడలవలెను. "వదినగారూ, మీకున్న దారి నాకెందుకు లేదు?" అని ఆమె అడిగినచో ఏ న్యాయవాదియు ఆమె మనస్సునకు సమాధానము చెప్పలేడు.

ఆమె త్రోవ కుమారుని పౌరసత్వము మీద ఆధారపడియున్నది. గ్రీన్‌కార్డు వచ్చిన ఐదేండ్లకు సాధారణముగా పౌరసత్వమునకు అర్హత కలుగును. పౌరురాలైన భార్యతో కాపురము చేయువానికి కొన్ని నియమములకు లోబడి మూడేండ్లకే కలుగును. అటుపిమ్మట అతడు తల్లికి అర్జీ పెట్టవచ్చును. కాని ఇచట ఇంకొక ముడి కలదు. మన 1955 నాటి పౌరసత్వ చట్టము ప్రకారము పరదేశపు పౌరసత్వమును కోరి స్వీకరించినవాడు భారత పౌరుడుగా నుండడు. అనగా కన్నతల్లిని చెంత నిలుపుకొనవలెనన్నచో ఆ కుమారుడు మాతృదేశపు పౌరసత్వమును వదలుకొనవలెను. దీనిని వట్టి కాగితపు మార్పుగా తలచువారును కలరు. సంతకము పెట్టునప్పుడు చేయి వణకినవారును కలరు.

మూడవవాడు తమ్ముడు. మన దృష్టిలో అక్కకు తమ్ముడు తల్లి తరువాతివాడు. చట్టమున అతడు నాలుగవ ప్రాధాన్యపు తరగతివాడు. ఆ తరగతికి ప్రపంచమంతటికిని కలిపి ఏటికి 65,000 వీసాలు కేటాయింపబడినవి. ఏ ఒక్క దేశమునకును కుటుంబ, ఉద్యోగ ప్రాధాన్య వీసాల మొత్తములో నూటికి ఏడుకు మించి దక్కరాదను నియమమును కలదు. ఫలితమేమన, 2025వ సంవత్సరమున భారతదేశపు తోబుట్టువులలో వీసా వంతు వచ్చినవారు 2006లో అర్జీ పెట్టినవారు!

విద్యార్థులు దీనిని లెక్కగా వేసి చూడవచ్చును. నిరీక్షణ పందొమ్మిదేండ్లే అనుకొన్నను, ముప్పది రెండవ ఏట అర్జీ దాఖలైన తమ్మునికి వంతు వచ్చునప్పటికి ఏబదియొక్క ఏండ్లు. నేడు ఆరేండ్లు గల అతని కుమార్తెకు అప్పటికి ఇరువదియైదు. తండ్రితో కూడ పోవుటకు బిడ్డకు ఇరువది యొక్కటి దాటరాదు. అర్జీ పరిశీలనలో గడచిన కాలమును బిడ్డ వయస్సునుండి తీసివేయు వెసులుబాటు 2002 నాటి చట్టమొకటి కల్పించినది గాని, అది అందరికిని చాలదు. అక్క ప్రేమతో పెట్టిన అర్జీ ఫలించు నాటికి తండ్రియు కుమార్తెయు విడిపోవలసి రావచ్చును.

ఇంత కాలము ఆ తమ్ముడు పర్యాటకుడుగా అక్క ఇంట వేచియుండ వీలులేదు. అర్జీ దాఖలైనంత మాత్రమున నివసించు హక్కు రాదు. బి-2 వీసా మీద ఉద్యోగము చేయరాదు. చదువుకొనగోరినచో విద్యార్థి హోదాకు మార్పు కోరవచ్చును, కాని ఆ మార్పు మంజూరగునంతవరకు చదువు ప్రారంభింపరాదు. ఉద్యోగపు వీసా కావలెనన్నచో యజమాని అర్జీ పెట్టవలెను. అన్నిటికంటె నిర్భయమైన త్రోవ తిథికి ముందే తిరిగివచ్చి, తన ఊరిలో తన బ్రతుకు తాను బ్రతుకుచు వంతు కొరకు చూచుట.

తిరిగి రాక దాగియుండిన ఏమగును? 1996లో చేసిన చట్టమునుబట్టి గడువు దాటి నూట ఎనుబది దినములకు మించి ఉండి వెడలినవానికి మూడేండ్లును, ఒక సంవత్సరమో అంతకు మించియో ఉండి వెడలినవానికి పదేండ్లును పునఃప్రవేశము నిషిద్ధము. పౌరుల తల్లిదండ్రులకు గడువు దాటినను హోదా మార్చుకొను అవకాశమున్న మాట నిజమే; దానిని నమ్ముకొని ఉదాసీనముగా నుండుట ప్రమాదకరము.

ఇంతకంటె పెద్ద ప్రమాదము అసత్యము. 1952 నాటి వలస చట్టము పర్యాటక వీసా కోరు ప్రతివానిని నిలిచిపోవ తలచినవాడుగనే మొదట భావింపుమని అధికారికి చెప్పుచున్నది. కాదని ఋజువు చేసికొనవలసిన భారము అర్జీదారునిది. అందుచేతనే మన పెద్దలను ఇల్లు, పొలము, పింఛను, ఇచటి బిడ్డలను గూర్చి ప్రశ్నింతురు. తిరిగి వచ్చెదనని నిజముగనే తలచి వెళ్ళి, అచట మనుమని చూచిన పిదప మనస్సు మారుట వేరు. నిలువవలెనని ముందే నిశ్చయించుకొని, మూడు నెలలలో వత్తునని అధికారి ఎదుట పలుకుట వేరు. రెండవది తప్పుడు వాఙ్మూలము. అది ఋజువైనచో ఆ దేశపు తలుపు జీవితాంతము మూసికొనిపోవచ్చును. ప్రవేశించిన తొంబది దినములలోపల పర్యాటక హోదాకు విరుద్ధముగా నడచుకొన్నవారిని విదేశాంగ శాఖ 2017 నుండి ప్రత్యేకముగా అనుమానించుచున్నది. నిలువదలచిన తల్లికి సూటియైన దారి ఉండనే యున్నది: కూతురు అర్జీ పెట్టగా, తల్లి స్వదేశముననే ఉండి, ముంబయి కాన్సలేటున వలస వీసా కొరకు హాజరగుట. ఆలస్యమగును, అసత్యముండదు.

బంధుత్వమును ఆ దేశపు ప్రధాన ద్వారముగా చేసినది 1965 నాటి చట్టము. అంతకుమునుపు భారతీయులకు దక్కినది అత్యల్పము. 1946లో కుదిరిన ఏర్పాటు ప్రకారము ఏటికి నూరుమందికే చోటు. ఆ ఇరుకు తలుపుతో పోల్చినచో నేటి క్యూ ఎంత పొడవైనను ఒక దారియే. కాని అది వారి కొలతలతో కట్టిన దారి. అత్త, మామ, మేనత్త, మేనమామ, పెదనాన్న అను మన మాటలకు దానిలో చోటు లేదు.

దారి తెరచియున్నను నడచుటకు ముందు ఆలోచింపవలసినవి కొన్ని కలవు. తల్లి అర్జీతో పాటు కూతురు ఆమె పోషణ బాధ్యతను వ్రాతపూర్వకముగా స్వీకరించి, పేదరికపు రేఖకు నూట ఇరువదియైదు శాతము ఆదాయము చూపవలెను. ఆ బాధ్యత ఒక ఏడాదితో తీరునది కాదు. అర్జీ నడుచుచుండగా ముందస్తు అనుమతి పత్రము లేక దేశము వెడలినచో అర్జీ సాధారణముగా రద్దైనట్లే. తెనాలిలో అక్కకు జబ్బు చేసినదని కబురు వచ్చినను తొందరపడి విమానమెక్కరాదు. అరువది యైదేండ్లు నిండిన క్రొత్త శాశ్వత నివాసి ఐదేండ్లు అచట ఉన్నగాని మెడికేర్ అను వైద్య బీమాను రుసుము చెల్లించి పొందు అర్హత లేదు. గ్రీన్‌కార్డు నివసించువానికిచ్చునది, ఏడాదికి మించి స్వదేశమున గడపినచో దానిని వదలుకొన్నట్లు భావింపబడును. ఏటేట కొన్ని నెలలు బిడ్డల వద్దను, మిగిలిన కాలము సొంత ఇంటను గడపగోరు పెద్దలకు పర్యాటక వీసాయే సుఖము. నియమములు మారుచుండును గనుక అర్జీకి ముందు అర్హుడైన న్యాయవాదిని అడుగుట మేలు. దళారి మాట నమ్మరాదు.

తుదకు ఒక మాట. ఎడిసన్ ఇంటిలో రాత్రి బిడ్డ నిదురించిన పిమ్మట కూతురును అల్లుడును బల్ల మీద కాగితములు పరచుకొని తల్లిని గూర్చి చర్చింతురు. అర్హత ఉన్నది, ఆదాయము చాలును, దారి సుగమము. అన్నియు సరిపోయినవి. కాని తల్లిని అడిగినవారెవరు? మంచు కురియు నెలలలో కిటికీ వద్ద కూర్చుండి, కారు లేనిదే గడప దాటలేక, పగలెల్ల పలుకరించువారు లేక గడపు జీవితము ఆమెకు సమ్మతమా? లేక తెనాలిలో తులసికోట, ఇరుగుపొరుగు, గ్రంథాలయపు బెంచీ ఆమెను పిలుచుచున్నవా? కొందరు తల్లులు మనుమని కొరకు అన్నిటిని విడుతురు, కొందరు విడువలేరు, ఇరువురును తప్పు చేసినవారు కారు.

ఐ-130 మీద సంతకము కూతురిది. ఐ-485 మీద సంతకము తల్లిది. చట్టము ఈ రెండు సంతకములను వేరుచేసి అడుగుటలో మనమును నేర్వదగినది కలదు. కలము ఆమె చేతికిచ్చుటకు ముందు ప్రక్కన కూర్చుండి "అమ్మా, నీకేమి కోరిక?" అని అడుగవలెను. ఉండెదనన్న నాడు ఆమె అతిథి కాదు. వెళ్ళెదనన్న నాడు తిథికి ముందే ఆమెను సాగనంపవలెను. మరల రమ్మని పిలుచుటకు ఏ చట్టపు అనుమతియు అక్కరలేదు.