ఊరు మారబోతున్నారా? ముందు బండి లెక్క చూసుకోండి

గత వేసవిలో ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత ఒక సహోదరుడు భార్యను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. నందిగామ దగ్గర పల్లెలో పుట్టి, ఇరవై ఏళ్లుగా హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్ వైపు కాపురముంటున్నాడు. ఒక కంపెనీలో లెక్కలు రాస్తాడు. భార్య ప్రైవేటు బడిలో టీచరు. కూతురు ఇంటర్మీడియట్, కొడుకు ఏడో తరగతి. పల్లెలో డెబ్బయి నాలుగేళ్ల తల్లి ఒంటరిగా ఉంటోంది.

"అయ్యగారూ, నందిగామ వచ్చేద్దామనుకుంటున్నాం. కరోనా తరువాత నా పని ఇంటి నుంచే. నెలకు రెండుసార్లు ఆఫీసులో కనబడితే చాలు. అమ్మకు దగ్గరగా ఉంటాం. మీరేమంటారు?" అంటూ ఒక కాగితం నా ముందు పెట్టాడు.

కాగితానికి ఒకవైపు హైదరాబాదు ఖర్చు, రెండోవైపు నందిగామ ఖర్చు. అద్దె సగానికి పైగా తగ్గుతోంది. పాలు, కూరగాయలు కూడా కొంత తగ్గుతున్నాయి. హైవే పక్కన కొత్త వెంచరులో ఇల్లు కూడా చూసి వచ్చాడు. బజారుకు మూడు కిలోమీటర్లు. "కారుంది కదండీ, ఐదు నిమిషాల పని" అన్నాడు.

అంతవరకు మాట్లాడకుండా కూర్చున్న ఆ సహోదరి తల వంచుకొని ఒకే మాట అంది: "నాకు బండి రాదు అయ్యగారూ."

ఆ మాట కాగితంలో ఏ వైపునా లేదు.

ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరినీ అడగకుండా సిటీ బస్సెక్కి బడికి పోతుంది. 2018 నుంచి ఇంటి దగ్గరికే మెట్రో రైలు వచ్చింది. కూతురు కాలేజీకి తనే పోయి తనే వస్తుంది. మూడు కిలోమీటర్ల దూరపు వెంచరులో ఈ ముగ్గురికీ కాళ్లు ఆయనే కావాలి. ఆయన ఆఫీసు పనిమీద హైదరాబాదు పోయిన రోజున ఆ ఇంటికి కాళ్లుండవు.

మన ఊళ్ల సంగతి

మన మెట్ట ప్రాంతాన్ని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. నందిగామ, జగ్గయ్యపేటలు మునుపటిలా లేవు. 2012 నాటికి హైదరాబాదు, విజయవాడల రహదారి నాలుగు వరుసలైంది. 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా ఏర్పడినప్పుడు నందిగామ రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. అంతకుముందు కలెక్టరాఫీసు అంటే బందరు. ఇప్పుడు జిల్లా కేంద్రం యాభై కిలోమీటర్ల దూరంలోని విజయవాడే. కంచికచర్ల, పరిటాల వైపు ఇంజనీరింగు కళాశాలలు వచ్చాయి, వాటి బస్సులు తిరుగుతున్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రపు ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు ఉచితమైంది.

అయితే టికెట్టు ఉచితమైనంత మాత్రాన మన వీధి చివరకు బస్సు రాదు. నందిగామకు రైలు స్టేషను లేదు. రైలెక్కాలంటే మధిరకో విజయవాడకో పోవాలి. పగలు షేర్ ఆటోలుంటాయి గాని, చీకటి పడ్డాక శివారు ఇళ్లకు ఆటో దొరకడం కష్టం. అందువల్ల చిన్న ఊరిలో కాపురమంటే సొంత బండితో కాపురమే. కారుకు పెట్రోలు, ఇన్సూరెన్సు, సర్వీసింగు, టైర్లు. విజయవాడ పోయినప్పుడల్లా కీసర టోలుగేటు. అద్దెలో మిగిలినదానిలో కొంత ఇక్కడ పోతుంది.

నా తప్పు చెబుతాను

పదిహేనేళ్ల క్రితం ఒక పల్లె సంఘానికి వెళ్లాను. ఇల్లు బాగుంది, పెరడు ఉంది. నాకు మోటారు సైకిలుంది గనుక దూరమనిపించలేదు. ప్రార్థనలకనీ పరామర్శలకనీ రోజూ తిరిగేవాణ్ణి. నా భార్య రెండేళ్లపాటు దాదాపు ఇంటి గడప దాటలేదు. ఒక రాత్రి నేను పొరుగూరి ప్రార్థనలో ఉండగా మా పాపకు జ్వరం ఎక్కువైంది. ఆమె బిడ్డను భుజాన వేసుకొని రోడ్డు మీదికి నడిచి, పాలవ్యాను ఆపి ఎక్కింది. నేను ఇంటికి వచ్చేసరికి తలుపుకు తాళం ఉంది.

ఆ తరువాత ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఊరు నాకు ఊరు, ఆమెకు నాలుగు గోడలు అని ఆ రాత్రి తాళం ముందు నిలబడ్డప్పుడు గాని నాకు తెలియలేదు.

అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలుండి వచ్చిన పెద్దలు కూడా ఇదే చెబుతారు. డాలస్ చుట్టుపక్కల ఊళ్లలో ఇల్లు విశాలం, వీధి శుభ్రం. అయినా సాయంత్రం కొడుకు కారు వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చోవాలి.

కూర్చొని లెక్క చూడండి

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చొని ఖర్చు లెక్కచూసుకోవాలని ప్రభువు చెప్పాడు గదా. ఊరు మారడం అలాంటి పనే. ఆ సహోదరునితో నేను నాలుగు సంగతులు చెప్పాను.

మొదటిది, ఇంట్లో బండి తోలలేనివారు ఎవరెవరో పేర్లు రాయండి. భార్య, పిల్లలు, ముసలి తల్లి. ఒక్కొక్కరు మీరు లేకుండా ఎక్కడికి పోగలరో ఎదురుగా రాయండి. నేడు తోలుతున్న మీ చేతులు కూడా డెబ్బయి ఏళ్లకు వణుకుతాయి.

రెండవది, రాత్రిపూట లెక్క చూడండి. 108 అంబులెన్సు 2005 నుంచి మన రాష్ట్రంలో ఉంది, దేవునికి స్తోత్రం. కాని పెద్ద జబ్బు వస్తే విజయవాడ పంపుతారు. అది గంట ప్రయాణం.

మూడవది, వానకాలం లెక్క. 2023 జూలై చివర మున్నేరు పొంగి ఐతవరం దగ్గర నీళ్లు హైవే మీదికి వచ్చాయి, రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు 1న మళ్లీ అదే జరిగింది. జగ్గయ్యపేట అవతల గరికపాడు దగ్గర పాలేరు వంతెన కూడా దెబ్బతింది. అలాంటి రోజున కారున్నవాడూ లేనివాడూ ఒక్కటే. మందులు, పాలు, పొరుగువారు నడిచిపోయే దూరంలో ఉన్నవాడే నిబ్బరంగా ఉంటాడు.

నాలుగవది, కారు లేకుండా పదిహేను రోజులు ఉండి చూడండి.

తరువాత ఏమైంది

వారు జూన్‌లో వచ్చి తల్లి దగ్గర పదిహేను రోజులున్నారు. కారు తాళంచెవిని ఆ ముసలమ్మకే ఇచ్చారు. ఆమె దాన్ని బియ్యం డబ్బాలో వేసి, "అడిగినా ఇవ్వను" అంది. ఆ సహోదరి బడిలో ఉద్యోగం అడగడానికి రెండుసార్లు పల్లెవెలుగులో నందిగామ వచ్చింది. ఒకసారి బస్సు తప్పిపోయి గంటన్నర నిలబడింది. ఆ సాయంత్రం భర్త అన్నం తింటూ, "ఆ వెంచరు ఇల్లు వద్దులే" అన్నాడట.

చివరకు బస్టాండుకు నడిచిపోగల సందులో పాత ఇల్లు తీసుకున్నారు. వెంచరు ఇంటికన్నా అద్దె ఎక్కువ, గదులు చిన్నవి. సందులోకి కారు రాదు, దూరంగా నిలపాలి. ఆమె జీతం తగ్గింది. కూతురు ఇంటర్ అయ్యేదాకా హైదరాబాదు హాస్టల్లోనే ఉంది. ఆ సంగతి తల్లిని ఇంకా బాధిస్తోంది. ముసలమ్మ పల్లె విడిచి రానంది. అయితే కోడలు వారానికి మూడుసార్లు తనంతట తాను బస్సెక్కి అత్తగారిని చూసి వస్తోంది. "మా అబ్బాయి కారులో వస్తే పావుగంటలో పోతాడు. కోడలు బస్సులో వస్తే మధ్యాహ్నమంతా ఉంటుంది" అని ఆ పెద్దమ్మ నాతో నవ్వుతూ అంది.

ఊరు మారాలా వద్దా అని నేను మీకు చెప్పలేను. కొందరికి రావడం మేలు, కొందరికి ఉండడం మేలు. కాని ఈ రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక, ఇంట్లో బండి తోలలేనివారిని ఒక్కొక్కరిని అడగండి: "అక్కడ నేను లేని రోజున నీవు ఎక్కడికి పోగలవు?" వారు చెప్పేదాకా ఆగండి. అద్దె కాగితం మీద సంతకం ఆ తరువాత పెట్టవచ్చు.