విత్తు సందేశము మండలము దాటుటెట్లు?

పుట్టపర్తి 2022 లో జిల్లాకేంద్రమైనది గాని దానిమీది మబ్బు మాఱలేదు. చిత్రావతి పెక్కునెలలు ఇసుకయేరే. ఎఱ్ఱనేల పలుచనై నీటిని నిలుపలేదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము. అదియు తన యిష్టము వచ్చినపుడు. తొలకరికి పదనైనదని తొందరపడి గొర్రు తోలినచో, పిదప మూడువారములు చినుకు రాలక వేరుసెనగ మొలక మాడిపోవచ్చును. ఆగినచో అదను తప్పవచ్చును. విత్తనకాయలకై చేసిన యప్పు మాత్రము ఎటులైనను నిలిచియే యుండును. ఇట్టిచోట ఎప్పుడు విత్తవలెనో చెప్పగల యంత్రమొకటి కలదన్న పరిహసించుట తగదు. వెంటనే తలకెత్తుకొనుటయు తగదు.

అట్టి ప్రయత్నము మన సీమలోనే జరిగినది. 2016 లో పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ పరిశోధనసంస్థయు మైక్రోసాఫ్ట్ కంపెనీయు కలసి, పుట్టపర్తికి ఉత్తరమున కర్నూలు జిల్లా దేవనకొండ మండలములో 175 మంది వేరుసెనగ రైతులకు కృత్రిమమేధ సాయమున తెలుగులో సెల్‌ఫోను సందేశములు పంపినవి. 1986 మొదలు 2015 వఱకు గల ముప్పదియేండ్ల వాతావరణపు లెక్కలను, నాటి వర్షసూచనలను పరిశీలించి, నేలలోని పదను పంటకు చాలునో చాలదో యంత్రము గణించెను. జూన్ మొదటివారముననే విత్తు వాడుక గలవారిని ఆగుడనెను; ఆరుద్రకార్తె ప్రవేశించిన పిదప, నెలకడపటి వారమున విత్తుడనెను. మాట విన్నవారికి హెక్టారునకు సగటున 30 శాతము దిగుబడి యధికమైనదని నిర్వాహకులు ప్రకటించిరి. మఱుసటియేట ఆంధ్ర, కర్ణాటక రాష్ట్రములలో మూడువేలకు పైబడిన రైతులకు దీనిని విస్తరింపగా, పంటనుబట్టి 10 మొదలు 30 శాతము వఱకు లాభము కలిగినదనిరి. పెద్దలు కార్తెలను చూచి చెప్పినదే యంత్రమును చెప్పినదని కొందఱు నవ్వవచ్చును. కాని కార్తె ప్రతియేట నొకే తేదీలకు వచ్చును, వాన రాదు.

ఈ లెక్కలు చదువునపుడు ఒక సంగతి మఱవరాదు. ఆ 175 మందికి విత్తుతేదీ యొక్కటియే చెప్పి యూరకుండలేదు. భూసారపరీక్షనుబట్టి వేయవలసిన ఎరువు, పశువులయెరువు, విత్తనశుద్ధి, విత్తవలసిన లోతు—కోత ముగియువఱకు అన్నియు చెప్పిరి. వెనుక ఒక పరిశోధనసంస్థ నిలిచియుండెను. కనుక కీర్తినంతయు యంత్రమునకే కట్టబెట్టుట న్యాయము కాదు. సందేశములు వందలనుండి లక్షలకు పెరిగినపుడు యంత్రమునకు శ్రమ పెరుగదు. రైతును కనిపెట్టియుండువారికి పెరుగును. ఆ మనుష్యుల జీతమును ఏ పద్దులోను వ్రాయక, యంత్రము కొనుటకే విస్తరణమని పేరు పెట్టుట మన కచేరీలకు పరిపాటి. వర్తకసంస్థలలోను ఇదే వరుస: ప్రయోగము చేసి మెప్పు పొందినవారొకరు, దానిని దినదినము నడుపవలసినవారు వేఱొకరు.

విస్తరణము అసాధ్యమని మా యభిప్రాయము కాదు. 2025 ఖరీఫునందు కేంద్ర వ్యవసాయశాఖ 13 రాష్ట్రములలో సుమారు 3.8 కోట్ల రైతులకు ఋతుపవనము రాకను గూర్చి కృత్రిమమేధ సూచనలు పంపినది. ఆయేట ఋతుపవనము మే 24 ననే కేరళము చేరి, పిదప ఇరువది దినములు నిలిచిపోగా, ఆ నిలుకడను సూచనలు సరిగా పట్టినవని శాఖవారు తెలిపిరి. ఘనమైన పనియే. అయినను ఋతుపవనము వచ్చుట వేఱు, మన చేను పదనగుట వేఱు. పుట్టపర్తిలో కురిసిన వాన బుక్కపట్టణమున కురియవలెనని లేదు. ఈ యెడమును పూరింపవలసినవి ఊరి వర్షమాపకమును, దానిని చదివి నమోదుచేయు మనుష్యుడును.

మఱియొక చిక్కు కలదు. నూటడెబ్బదియైదుగురు ఒకే వారమున విత్తినచో అంగడికి తెలియనే తెలియదు. జిల్లా జిల్లాయంతయు ఒకే సందేశముతో ఒకే వారమున పొలమునకు నడచినచో, రాయితీ విత్తనకాయలు గోదామునకు చేరియుండవలెను; ట్రాక్టర్లు చాలవలెను. సందేశము తప్పినచో నష్టమును అందఱొక్కసారిగా మోయుదురు. ఆ నష్టమున పంపినవారి పాలెంత? దీనికి సమాధానము వ్రాతమూలకముగా లేనిదే ఏ శాఖయు జిల్లాకంతటికిని సందేశము పంపరాదని మా మనవి. 2020 లో రైతుభరోసాకేంద్రములుగా పదివేలకు పైగా వెలసి, 2024 లో రైతుసేవాకేంద్రములని పేరు మాఱినవి మనకు ఉండనేయున్నవి. ఏ సందేశము ఏ దినమున వచ్చినది, ఎందఱు విత్తిరి, ఎంత మొలిచినది, ఎంత మాడినదని ప్రతి కేంద్రమున ఒక పుస్తకము వ్రాయుట కష్టము కాదు. ఆ పుస్తకము లేనిచో రెండవయేట యంత్రము నేర్చుకొనునది యేమి?

భూవసతి గల పాఠకులతో ఒకమాట. పట్టా మీపేరనున్నది, చిట్టాలోని ఫోనుసంఖ్యయు మీదే. మీరు ధర్మవరముననో బెంగుళూరుననో యుందురు. గొర్రు పట్టువాడు కౌలుదారు. అతడు విత్తవలసిన దినమును చెప్పు సందేశము మీ జేబులో మ్రోగి, అంగళ్ల ప్రకటనల నడుమ చదువబడక పడియుండును. విత్తనకాయల నమోదు మొదలగులోపల కౌలుదారు సంఖ్యనుగూడ కేంద్రపు చిట్టాలో వ్రాయించి రండు.