జపాను మరబొమ్మల వ్యాపారం - ఎత్తులు, పల్లాలు

ఛాతీ తలుపులు తెరచుకొని, లోపల ఎర్రని దీపాలు వెలిగి, టకటకమని చప్పుడు చేస్తూ నడిచే మరమనిషి బొమ్మను చూడనివారు మన ఉద్యోగ కుటుంబాలలో అరుదు. పుదుచ్చేరిలో ఆదివారంనాడు మహాత్మాగాంధీ వీధి సంతకు పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళిన తల్లిదండ్రులు అటువంటి బొమ్మకు బేరమాడక తప్పదు. ఆ బొమ్మ ఈనాడు ఏ దేశంలో తయారైనప్పటికీ, దాని రూపానికి పుట్టినిల్లు మాత్రం జపాను. ఆ పుట్టింటిలో దానిని తయారుచేసినవారు ఎట్లు బ్రతికినారు, ఎందరు దివాలా తీసినారు అన్న సంగతిని మన పాఠకుల ముందు ఉంచదలచినాము. 1898 నాటి ఏ.ఎఫ్.టి. మిల్లు 2020లో మూతపడగా చూసిన ఊరు మనది. ఒక కర్మాగారం ఎందుకు నిలుస్తుంది, ఎందుకు నిలువదు అన్న ప్రశ్న ఇక్కడ ఇంటింటా వినబడినదే కదా!

యుద్ధంలో ఓడిన జపానులో 1945 చివరినాటికి తిండికే కరవు. ఓత్సు పట్టణంలో కొసుగే అనే బొమ్మల తయారీదారు అమెరికా సైనికులు పారవేసిన ఆహారపు డబ్బాల రేకును సాపుచేయించి చిన్న జీపు బొమ్మలుగా మలచినాడు. క్యోటో నగరంలో అవి విశేషంగా అమ్ముడుపోయినవి. 1947లో విదేశాలకు బొమ్మల ఎగుమతి మరల ప్రారంభమైనది. అప్పటి సరుకుపై "ఆక్రమిత జపానులో తయారైనది" అన్న ముద్ర ఉండేది.

1950ల నాటికి టోక్యోలోని మసుదాయా, నోమురా, యొనెజావా, హొరికావా వంటి సంస్థలు రేకు మరమనుషులను ఎగుమతి చేయసాగినవి. వీనిలో మసుదాయా 1724 నాటి సంస్థ. ఆ పనితనం మెచ్చదగినది. రేకు చదునుగా ఉండగానే దానిపై రంగులు ముద్రించేవారు. తరువాత అచ్చుయంత్రంతో కత్తిరించి, వంచి, అంచులకున్న చిన్న నాలుకలను ఎదుటి సందులలో దూర్చి మడచేవారు. లోపల కీ ఇచ్చే స్ప్రింగుగాని, బ్యాటరీ మోటారుగాని అమర్చేవారు. 1957లో మసుదాయా రేడియో తరంగాలతో నడిచే మరమనిషిని సైతం అమ్మినది. హొరికావా వారు ఛాతీ తెరచి తుపాకులు పేల్చే బొమ్మలకు పేరొందినారు. మన సంతలోని బొమ్మకు పూర్వికులు అవియే.

అయితే ఆ బొమ్మలను కొన్నవారిలో అత్యధికులు అమెరికావారు. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు అమ్మేవాని బ్రతుకు అతని చేతిలో ఉంటుంది. 1949 నుండి డాలరుకు 360 యెన్‌లుగా స్థిరపడిన మారకపు విలువ 1971 డిసెంబరులో 308కి మారినది. ఒక డాలరుకు అమ్మిన బొమ్మకు మునుపటి 360 యెన్‌లే రావలెనన్న, ఇప్పుడు సుమారు 1 డాలరు 17 సెంట్లు అడుగవలెను. అదే సమయంలో హాంకాంగ్ ప్లాస్టిక్ బొమ్మలు చవకగా దిగినవి. పనివాడు మారలేదు, పనితనం తగ్గలేదు, అయినను రేకు బొమ్మల శకం ముగిసినది. నాడు పిల్లలు ఈడ్చి ఆడుకొన్న ఆ బొమ్మలే ఈనాడు విదేశాల వేలంపాటలలో వేల డాలర్లకు పోతున్నవి. చేసినవానికి దక్కని ధర అది.

ఇక నిలదొక్కుకోవలసినది స్వదేశపు అంగడిలోనే. అందుకు దారి చూపినది టెలివిజన్. 1963 జనవరి 1న తెజుకా ఒసాము సృష్టించిన అణుశక్తి బాలమరమనిషి "తెత్సువాన్ ఆతోము" బొమ్మల చిత్రంగా ప్రసారం మొదలైనది. 1972 డిసెంబరులో "మజింగర్ జెడ్" వచ్చినది. బాండాయ్ సంస్థకు అనుబంధమైన పోపీ ఆ కథానాయక యంత్రాన్ని 60 సెంటీమీటర్ల ప్లాస్టిక్ బొమ్మగాను, 1974లో అరచేతిలో బరువుగా ఇమిడే లోహపు బొమ్మగాను విడుదల చేసి గొప్ప లాభం గడించినది. అప్పటినుండి ఒక పద్ధతి స్థిరపడినది. బొమ్మల కంపెనీ ప్రాయోజకులుగా ప్రసారానికి డబ్బు పెట్టును, కథలోని యంత్రం ఆకారాన్ని బొమ్మకు అనుకూలంగా నిర్ణయించుకొనును. ఐదు వాహనాలు కలిసి ఒక మరమనిషి అయ్యే కథ వచ్చినదంటే, పిల్లవాడు ఐదు పెట్టెలు కొనవలసి వచ్చునని అర్థం! తండ్రి జేబు సంగతి కథకు పట్టదు.

ఈ పద్ధతిలోనే ఒక సంస్థ ఎట్లు కూలినదో చెప్పుకొనదగినది. క్లోవర్ అనే బొమ్మల కంపెనీ 1979 ఏప్రిల్‌లో మొదలైన "గాండమ్" ధారావాహికకు ప్రాయోజకులు. అది వారానికొక రాక్షసుని చంపే కథ కాదు. యుద్ధంలో ఇరుపక్షాల మనుషుల బాధ చెప్పిన కథ. చూసినవారు హైస్కూలు, కళాశాల విద్యార్థులు. క్లోవర్ చేసినవి పసిపిల్లల బొమ్మలు. సరుకు అనుకున్నంతగా కదలలేదు. 52 భాగాలుగా తలపెట్టిన ధారావాహికను 43వ భాగంతో, 1980 జనవరిలో ముగించినారు. ఆ తరువాత బాండాయ్ అదే యంత్రాన్ని ఇంటివద్ద ముక్కలు విరిచి కూర్చుకొనే ప్లాస్టిక్ నమూనాగా 1980 జులైలో 300 యెన్‌లకు విడుదల చేసినది. పునఃప్రసారాలతో అభిమానులు పెరిగినారు. దుకాణాలముందు వరుసలు కట్టినారు. 1982 జనవరిలో టోక్యో సమీపాన ఒక దుకాణంలో పిల్లలు ఎస్కలేటరుపై ఒకరిపై నొకరు పడి గాయపడినారు. ఆ ధారావాహికకు మొదట డబ్బు పెట్టిన క్లోవర్ మాత్రం 1983లో దివాలా తీసినది.

మా దృష్టిలో క్లోవర్ చేసిన తప్పు బొమ్మలో లేదు. బొమ్మను కొనగోరేవాడు ఎవడో తెలుసుకొనకపోవడంలో ఉన్నది. కథను ఇష్టపడిన పదహారేళ్ళ కుర్రవానికి కావలసినది రంగులు పూసుకొని, తప్పులు దిద్దుకొని, తానే తయారుచేసుకొనే వస్తువు. అంగడివారిని అడిగి చూచినా ఈ సంగతి తెలిసియుండేది.

1984లో తకాతోకు అనే మరో సంస్థ కూలినది. యుద్ధవిమానం మరమనిషిగా మారే దాని బొమ్మను నేటికీ అభిమానులు ప్రశంసిస్తారు. దాని అచ్చులు బాండాయ్ చేతికి పోయినవి. తకారా అదృష్టం మరొక విధమైనది. అది స్వదేశంలో అమ్ముతుండిన రూపం మారే బొమ్మలను అమెరికా సంస్థ హాస్‌బ్రో తీసుకొని, కొత్త పేర్లు, కొత్త కథ చేర్చి 1984లో "ట్రాన్స్‌ఫార్మర్స్" అని అమ్మినది. మరుసటి ఏడు ఆ పేరుతోనే అవి జపానుకు తిరిగివచ్చినవి. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత అక్కడా చెల్లినట్లున్నది. ఈ లోగా 1983 జులైలో నింటెండో వారి వీడియో ఆటల యంత్రం రాగా, పిల్లల చేతిడబ్బు అటు మళ్ళినది. 2006లో తకారా, తోమీ ఒక్కటైనవి.

పిల్లలే తగ్గినారు. జపానులో 1973లో సుమారు 20 లక్షల 90 వేల మంది పుట్టగా, 2024లో 7 లక్షలమంది కూడ పుట్టలేదు. అయినను 2023-24లో ఆ దేశపు బొమ్మల అంగడి తొలిసారిగా లక్ష కోట్ల యెన్‌లు దాటినది. కొన్నవారిలో పెద్దలకు గొప్ప వాటా ఉన్నది. నాటి గాండమ్ కుర్రవారు నేడు తలనెరిసిన ఉద్యోగులు. వారు కొనే నమూనాలను బాండాయ్ నేటికీ జపానులోని షిజుఒకాలోనే అచ్చుపోస్తున్నది. ఇక తకారా తోమీ వారు అంతరిక్ష సంస్థతోను, సోనీతోను, దోషిషా విశ్వవిద్యాలయంతోను కలిసి చేసిన చిన్న గోళం 2024 జనవరిలో చంద్రునిపై దిగినది. విచ్చుకొని, దొర్లుకుంటూ వెళ్ళి, తలక్రిందులుగా నిలిచిన జపాను నౌకను ఫోటో తీసినది. విచ్చుకొనే ఆ విద్య బొమ్మల కార్ఖానాలో పుట్టినదే.

యంత్రపరికరాలను బాగుచేసే మన సిబ్బంది ఆసక్తితో చదువదగిన భాగం వేరొకటి ఉన్నది. 1999 జూన్ 1న సోనీ వారు "ఐబో" అనే మరకుక్కను 2,50,000 యెన్‌లకు అమ్మకానికి పెట్టగా జపానుకు కేటాయించిన 3,000 కుక్కలు 20 నిమిషాలలో అమ్ముడుపోయినవి. 2006లో నష్టాల ఒత్తిడిలో ఉన్న సోనీ ఆ విభాగాన్ని మూసివేసినది. అప్పటికి సుమారు లక్షన్నర కుక్కలు ఇండ్లలో ఉన్నవి. 2014లో మరమ్మతు సేవ కూడ నిలిచిపోయినది. వృద్ధులైన యజమానులకు ఏమి చేయుటకును తోచలేదు. మన కొండపల్లి బొమ్మ చేయి ఊడితే చింతగింజల ముద్దతో అతికించవచ్చును, విల్లియనూరు మట్టిబొమ్మ పగిలితే మరొకటి తెచ్చుకొనవచ్చును. ఐబో కాలి కీలుకు విడిభాగమెక్కడ?

అప్పుడు సోనీలో పనిచేసి బయటకు వచ్చిన ఇంజనీర్లు నెలకొల్పిన ఏ-ఫన్ అనే చిన్న సంస్థ ఆ పనిని చేపట్టినది. కొత్త భాగాలు లేవు కనుక, చెడిపోయిన కుక్కలనుండే వాటిని తీయవలెను. తీసే ముందు చీబా జిల్లా ఇసుమిలోని కోఫుకుజి బౌద్ధాలయంలో 2015 నుండి వాటికి ఉత్తరక్రియలు జరిపించినారు. వరుసగా పేర్చిన మరకుక్కల ఎదుట అర్చకుడు మంత్రాలు చదివెను. ప్రతి కుక్కకు ఏ ఇంటినుండి వచ్చినదో తెలిపే చీటీ కట్టినారు. అటు పిమ్మట వాటి మోటార్లు, కీళ్ళు ఇతర కుక్కలకు అమర్చబడినవి.

2018 జనవరిలో సోనీ కొత్త ఐబోను విడుదల చేసినది. 2023లో, యజమానులు విడిచిపెట్టిన ఐబోలను తీసుకొని, బాగుచేసి, ఆసుపత్రులకు, సంరక్షణ గృహాలకు పంపే ఏర్పాటును ఆ సంస్థయే ప్రారంభించినది.