బూడిద ఇటుకలు మంచివేనా? కొనే ముందు ఇవి చూసుకోండి

పైన ఒక గది వేద్దామని మేస్త్రీని పిలిస్తే మొదట అడిగేది ఇదే: ఎర్ర ఇటుకా, బూడిద ఇటుకా? బూడిద ఇటుక కొన్నాళ్లకే రాలిపోతుందని కొందరు భయపెడుతుంటారు. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. అలా రాలిన చోట కారణం చాలావరకు తయారీలో తొందరపాటే.

వరంగల్‌కు దగ్గర్లో ఈ బూడిద వచ్చే చోటు భూపాలపల్లి జిల్లా చెల్పూరు. ఒకప్పుడు మన ఉమ్మడి జిల్లాలోదే. అక్కడి కాకతీయ థర్మల్ ప్లాంట్‌లో 500, 600 మెగావాట్ల యూనిట్లు ఉన్నాయి. మన దేశపు బొగ్గు వంద టన్నులు కాలిస్తే 30 నుంచి 40 టన్నుల దాకా బూడిదే మిగులుతుంది. ఇటుకల కోసం పొలాల పైమట్టి తవ్వడం తగ్గించి ఈ బూడిద వాడాలని కేంద్రం 1999లోనే ఆదేశాలిచ్చింది.

బూడిద, సున్నం, జిప్సం కలిపి చేసే ఫాల్-జి పద్ధతి మన తెలుగు గడ్డ మీద పుట్టిందే. విశాఖపట్నంలో భానుమతీదాస్, కాళిదాస్ దీన్ని రూపొందించారు. జిప్సం కూడా ఎరువుల ఫ్యాక్టరీ వ్యర్థమే కావచ్చు. చాలా యూనిట్లలో ఇప్పుడు సున్నం బదులు సిమెంట్, రాతి పొడి వాడుతున్నారు. బట్టీ ఉండదు, పొగ ఉండదు. బూడిదలోని సిలికా సున్నంతో, నీటితో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. మెల్లగా కాబట్టే రెండు మూడు వారాలు నీళ్లు కొట్టాలి. ఆర్డర్లు ఎక్కువై వారానికే లారీ ఎక్కిస్తే అంచులు చేత్తోనే రాలతాయి.

అందుకే ధర కన్నా ముందు ఎప్పుడు పోసినవో అడగండి. రెండు ఇటుకలు కొట్టి చూస్తే ఖంగుమనాలి. బాగా ఆరిన ఇటుకను తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి మళ్లీ తూచండి. బరువు 20 శాతానికి మించి పెరగకూడదు, అంటే 3 కిలోలది 3 కిలోల 600 గ్రాములు దాటితే వద్దు. కట్టేటప్పుడు ఎర్ర ఇటుకలా తొట్టిలో నానబెట్టనివ్వకండి, నీళ్లు చల్లితే చాలు.

మరి రంపపు పొట్టు? మట్టిలో కలిపితే బట్టీలో అది కాలిపోయి సన్న రంధ్రాలు మిగులుతాయి. ఇటుక తేలికవుతుంది, కానీ బలం తగ్గి నీరు ఎక్కువ పీలుస్తుంది. సిమెంట్‌లో పచ్చిగా కలిపితే చెక్కలోని చక్కెర సిమెంట్‌ను సరిగా గట్టిపడనివ్వదు. ముందు ఉడకబెట్టి కడగాలి, లేదా సున్నపు నీటిలో నానబెట్టాలి. 2021లో ఐఐటీ హైదరాబాద్‌లో పంట వ్యర్థాల ఇటుకలతో సెక్యూరిటీ గది కట్టారు. దానికీ ఇనుప ఫ్రేమ్ ఆసరా ఉంది. ఇలాంటివి లోపలి అడ్డుగోడలకు సరే. స్లాబ్ మోసే గోడకు మాత్రం ఎంత చవకగా ఇస్తామన్నా ఒప్పుకోకండి.