సివిలియన్ జీపు

సివిలియన్ జీపు అనగా రెండవ ప్రపంచయుద్ధములో సైన్యము వాడిన జీపునకు కొద్దిపాటి మార్పులు చేసి, యుద్ధానంతరము సామాన్య ప్రజలకు విక్రయించిన నాలుగు చక్రాల చోదక వాహనము. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, ఒహయో రాష్ట్రములోని టొలీడో నగరమునకు చెందిన విల్లీస్-ఓవర్‌లాండ్ సంస్థ దీనిని 1945లో మొదట తయారుచేసినది. ఆంగ్లములో ఈ రెండు పదముల మొదటి అక్షరములే సి.జె. అను పేరుగా స్థిరపడినవి. సి.జె. వరుసలోని వాహనముల ఉత్పత్తి అమెరికాలో 1986 వరకు సాగినది. భారతదేశములో ఒక తరమువారు ప్రభుత్వ కార్యాలయముల ముందు, పల్లె దారులలో చూచిన జీపులు చాలావరకు ఈ కుటుంబమునకు చెందినవే.

నేపథ్యము

1940లో అమెరికా సైన్యము ఒక తేలికైన గస్తీ వాహనము కావలెనని కోరినపుడు, పెన్సిల్వేనియాలోని బట్లర్ పట్టణమునకు చెందిన అమెరికన్ బాంటమ్ అను చిన్న కంపెనీ అందరికంటె ముందుగా నమూనాను సిద్ధము చేసి, సెప్టెంబరు నెలలో సైన్యమునకు అప్పగించినది. దాని రూపకల్పనలో కార్ల్ ప్రాబ్స్ట్ అను ఇంజనీరుది ప్రధాన పాత్ర. పిమ్మట విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కూడ తమ నమూనాలను సమర్పించినవి. విల్లీస్ వారి బలము ఇంజినులో ఉన్నది. బార్నీ రూస్ ఆధ్వర్యములో మెరుగుపరచిన 2.2 లీటర్ల ఆ ఇంజిను 60 అశ్వశక్తి నిచ్చెడిది. యుద్ధము ముగియునాటికి విల్లీస్ సుమారు 3,60,000, ఫోర్డ్ సుమారు 2,80,000 జీపులను తయారుచేసినవి. ముందుగా నమూనా ఇచ్చిన బాంటమ్‌కు మాత్రము పెద్ద కాంట్రాక్టు దక్కలేదు.

యుద్ధము ముగింపు దశకు వచ్చుసరికి విల్లీస్ ముందు ఒక కఠినమైన ప్రశ్న నిలిచినది. సైన్యము కొనుట మానివేసిన తరువాత కర్మాగారములో ఏమి తయారుచేయవలెను? ఫోర్డ్‌కు ఆ చింత లేదు, వారికి కార్ల వ్యాపారము ఉన్నది. విల్లీస్ 1930 దశకములో దివాలా అంచుకు పోయి కోలుకొన్న కంపెనీ. కనుక వారు తమ భవిష్యత్తును జీపు మీదనే పందెముగా పెట్టిరి. 1944 నుండియే సి.జె.-1, సి.జె.-2 అను పరీక్షా వాహనములను కొద్ది సంఖ్యలో నిర్మించి, వ్యవసాయ పనులకు ఏ మేరకు పనికివచ్చునో పరిశీలించిరి. వానిలో కొన్నింటిపై "అగ్రిజీప్" అను ఇత్తడి పలకలు కూడ ఉండెడివి.

సి.జె.-2ఎ

ప్రజలకు అమ్మిన మొదటి నమూనా సి.జె.-2ఎ. దీని ఉత్పత్తి 1945 జులైలో మొదలైనది. సైనిక జీపుతో పోల్చి చూచినచో దీని మార్పులన్నియు రైతును దృష్టిలో ఉంచుకొని చేసినవేనని తెలియును. సైనిక జీపులో పెట్రోలు పోయవలెనన్న డ్రైవరు సీటును ఎత్తవలెను. ఇందులో పెట్రోలు మూతను బయటి ప్రక్కకు తెచ్చిరి. బస్తాలు ఎక్కించుటకు వీలుగా వెనుక భాగమున క్రిందికి దించుకొను తలుపును అమర్చిరి. అందువలన వెనుక ఉండెడి స్టెప్నీ చక్రమునకు చోటు లేక, దానిని కుడి ప్రక్కకు మార్చవలసివచ్చినది. హెడ్‌లైట్లు పెద్దవైనవి. ముందు జాలీలోని తొమ్మిది చీలికలు ఏడైనవి. ఈ ఏడు చీలికల జాలీయే తరువాత జీపు గుర్తుగా లోకప్రసిద్ధి చెందినది.

కంటికి కనబడని మార్పు మరింత ముఖ్యమైనది. ఇరుసులలోని పళ్ళచక్రముల నిష్పత్తిని 4.88 నుండి 5.38కి పెంచిరి. దీనివలన గరిష్ఠ వేగము కొంత తగ్గినను, నెమ్మదిగా నడుచునపుడు లాగుడు బలము పెరిగినది. నాగలిని లాగుటకు కావలసినది అదియే. ఇంజిను శక్తిని బయటి యంత్రములకు అందించు పవర్ టేకాఫ్ అను పరికరమును అదనముగా కొనుక్కొనవచ్చును. దానికి బెల్టు తగిలించి రంపపు మిల్లును, నీటి పంపును, నూర్పిడి యంత్రమును నడిపించెడివారు.

ధర

ప్రారంభములో దీని ధర 1,090 డాలర్లు. ఈ ధరకు వచ్చునది ఎంత తక్కువో గమనింపదగినది. మామూలు బండిలో డ్రైవరు సీటు ఒక్కటే ఉండెడిది. ప్రక్క సీటు, వెనుక సీటు, గుడ్డ టాపు మొదలగునవన్నియు విడిగా డబ్బు చెల్లించి తీసుకొనవలసినవే. ఇది కేవలము వ్యాపారపు ఎత్తుగడ అనుకొనరాదు. పొలములో ఒంటరిగా పనిచేయువానికి అక్కరలేని వస్తువుల బరువును, ఖర్చును అతనిపై మోపలేదు. యుద్ధకాలములో లక్షల సంఖ్యలో తయారైన బండి గనుక యంత్రపరికరములు, పనివారి నేర్పు అప్పటికే సిద్ధముగా ఉన్నవి. పైగా తలుపులు లేని, బల్లపరుపు రేకులతో కూడిన దేహము కావున తయారీ సులభము.

1949 వరకు 2,14,760 సి.జె.-2ఎ వాహనములు తయారైనవి. అయితే ట్రాక్టరు, లారీ, కారు, విద్యుత్ జనరేటరు అన్నియు ఇది ఒక్కటేనన్న రీతిలో సాగిన ప్రచారమును పూర్తిగా నమ్మనక్కరలేదు. ఒక టన్ను బరువైన బండి తేలికపాటి దున్నకమునకు సరిపోవును గాని, గట్టి నేలలో లోతు దున్నుటకు అసలైన ట్రాక్టరుకు సాటిరాదు. జీపు నిజముగా స్థిరపడినది వేటగాండ్రు, గనుల తనిఖీదారులు, అటవీ సిబ్బంది, మంచు తొలగించువారు మొదలగువారి వద్ద.

మిగులు జీపులపై అపోహ

పెట్టెలో పెట్టిన క్రొత్త సైనిక జీపును 50 డాలర్లకే కొనవచ్చునన్న ప్రకటనలు అమెరికా పత్రికలలో చాలా కాలము వచ్చినవి. డబ్బు పంపినవారికి చేరినది జీపు కాదు, ప్రభుత్వ మిగులు వస్తువుల వేలముల గురించిన కరపత్రము మాత్రమే. విదేశములకు పోయిన జీపులలో అనేకము అక్కడనే ఉండిపోయినవి. ఫిలిప్పీన్స్‌లో అట్లు మిగిలిన జీపులను పొడిగించి, రంగులు వేసి, ప్రయాణికుల బండ్లుగా మార్చిరి. "జీప్నీ" అనునది అట్లు పుట్టినది. బ్రిటన్‌లో రోవర్ కంపెనీ ఇంజనీరు మారిస్ విల్క్స్ తన పొలములో మిగులు జీపును వాడిన అనుభవము నుండి ల్యాండ్ రోవర్ ఆలోచన కలిగినది. ఆ వాహనము 1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో వెలువడినది.

పేరుపై వివాదము

జీపును తామే సృష్టించితిమని విల్లీస్ యుద్ధకాలములోనే ప్రకటనలు చేయగా, 1943లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దానిపై విచారణ చేపట్టినది. ఆ గొప్పతనము విల్లీస్ ఒక్కదానిది కాదని 1948లో కమిషన్ తేల్చినది. అయినను 1950లో "జీప్" పేరు విల్లీస్‌కే వ్యాపారచిహ్నముగా నమోదైనది. బాంటమ్‌కు ఇది న్యాయముగా తోచి ఉండదు.

తరువాతి నమూనాలు

సి.జె.-3ఎ 1949లోను, సి.జె.-3బి 1953లోను వచ్చినవి. సి.జె.-3బిలో క్రొత్త ఇంజిను ఎత్తైనది గనుక బానెట్‌ను కూడ పైకి లేపవలసివచ్చినది. ఆ ఎత్తు బానెట్‌ను బట్టి దీనిని సులభముగా గుర్తింపవచ్చును. సి.జె.-5 దాదాపు మూడు దశాబ్దములపాటు, 1983 వరకు, ఉత్పత్తిలో నిలిచినది. సంస్థ యాజమాన్యము 1953లో కైజర్‌కు, 1970లో అమెరికన్ మోటార్స్‌కు, 1987లో క్రైస్లర్‌కు మారినది.

సైనిక అవసరమునకు రూపొందిన బండిని అందరి చేతికి ఇచ్చుటలోని చిక్కు కాలక్రమమున బయటపడినది. నేల నుండి ఎత్తుగా, పొట్టిగా, ఇరుకుగా ఉండుట గుట్టలలో మేలు. తారురోడ్డుపై వేగముగా మలుపు తిరుగునపుడు అదే కీడు. 1980 డిసెంబరులో అమెరికా టెలివిజన్ కార్యక్రమము "60 మినిట్స్" సి.జె.-5 బోల్తాపడు దృశ్యములను ప్రసారము చేయగా పెద్ద దుమారము రేగినది. సి.జె. స్థానములో 1986లో ప్రవేశించిన రాంగ్లర్ మరింత వెడల్పుగా, తక్కువ ఎత్తుతో నిర్మింపబడినది.

భారతదేశములో

1945లో జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా సోదరులు మాలిక్ గులాం మహమ్మద్‌తో కలసి మహీంద్రా అండ్ మహమ్మద్ అను సంస్థను స్థాపించిరి. దేశవిభజన తరువాత గులాం మహమ్మద్ పాకిస్తాన్‌కు తరలి వెళ్ళి, ఆ దేశపు తొలి ఆర్థికమంత్రి అయ్యెను. 1948లో సంస్థ మహీంద్రా అండ్ మహీంద్రాగా మారినది. 1940 దశకము చివరినుండి బొంబాయిలో విల్లీస్ జీపుల విడిభాగములను కూర్చుట, క్రమముగా ఇచ్చటనే తయారుచేయుట జరిగినది. సి.జె.-3బి ఆకృతి అమెరికాలో 1968తో ఆగిపోయినను, ఇచ్చట మొదట పెట్రోలు, పిదప డీజిలు ఇంజిన్లతో దశాబ్దముల తరబడి కొనసాగినది.

తెలుగునాట "జీపు" అనునది వ్యాపారచిహ్నమన్న స్పృహయే లేకుండ సామాన్య నామమైపోయినది. పోలీసు జీపు, ఎన్నికల ప్రచార జీపు అను మాటలు వాడుకలో నిలిచినవి. విశాఖ ఏజెన్సీలోని పాడేరు, అరకు ప్రాంతములలో బస్సు పోని ఘాట్ దారులలో జనమును సంతలకు చేర్చిన సర్వీసు జీపులు, తయారీదారు నిర్ణయించిన సంఖ్యకు ఎన్నో రెట్లు మనుషులను మోసినవి. పైన చెప్పిన బోల్తా ప్రమాదము ఇట్టి చోట్ల ఇంకను ఎక్కువ.

2010లో మహీంద్రా "థార్" అను పేరుతో ఈ సంప్రదాయమును కొనసాగించినది. 2018లో అదే సంస్థ అమెరికాలో, ప్రజారహదారులపై కాక పొలములలోను బాటలేని చోట్లను మాత్రమే వాడుటకు, "రాక్సర్" అను వాహనమును అమ్మకమునకు పెట్టగా, జీప్ యజమానియైన ఫియట్ క్రైస్లర్ తమ ఆకృతిని అనుకరించినారని ఫిర్యాదు చేసినది. 2020లో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ ఫిర్యాదుదారులకు అనుకూలముగా తీర్పునిచ్చుటతో, మహీంద్రా రాక్సర్ ముందు భాగపు రూపమును మార్చవలసివచ్చినది.